బయటి బాక్టీరియా కలపాలా, నేలలో ఉన్నవాటికే మేత వెయ్యాలా: ఏది మేలు?

పురుగుమందులు, డీజిల్, రాగి లాంటి లోహాలు అన్నీ కలిసిపోయిన నేలకి కల్చర్, అంటే ల్యాబ్‌లో పెంచి అమ్మే బాక్టీరియా, కొనుక్కొచ్చి పోస్తే సరిపోతుందా అని చాలామంది అడుగుతున్నారు. నా మొగ్గు ముందే చెప్పేస్తా, ముందు మేత, తర్వాతే కల్చర్.

కల్చర్లో సత్తా లేదని కాదు. 1995లో వెలుగులోకి వచ్చిన సూడోమోనాస్ ఏడీపీ అనే బాక్టీరియా అట్రజిన్ అనే కలుపుమందుని ముక్కలుముక్కలు చేసి అందులోని నైట్రోజన్‌నే తిండిగా వాడుకుంటుంది, ఫ్లాస్కులో చూస్తే అద్భుతమే. కానీ నేలలోకి దింపాక ప్రోటోజోవాలు అనే ఏకకణ జీవులు తినేస్తాయి, పాతకాపులు చోటివ్వవు, చాలాసార్లు కొన్ని వారాల్లోనే సంఖ్య పడిపోతుంది.

నా దృష్టిలో అసలు తేల్చేది విషాల కలగలుపు. ఒక మందు విరిగితే వచ్చే ముక్క ఇంకో చిక్కు తెస్తుంది, క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందు విరిగితే వచ్చే టీసీపీ సూక్ష్మజీవుల్నే అణిచేస్తుంది, అంటే ఒకరు కోసింది ఇంకొకరు అందుకుని తినాలి, ఒక్క జాతి వల్ల అయ్యే పని కాదు. ఏళ్లతరబడి అదే విషంలో బతికిన స్థానిక గుంపులో ఈ గొలుసు చాలావరకు తయారైపోయి ఉంటుంది, ప్లాస్మిడ్లు అనే చిన్న డీఎన్ఏ చుట్టల మీద జీన్లు ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకుతాయి కూడా. ఒకే మందు పదేపదే కొట్టిన పొలంలో అది త్వరగా విరిగిపోయి పనిచెయ్యకుండా పోవడం వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

మేత అంటే గాలి, తడి, నైట్రోజన్, ఫాస్ఫరస్. డీజిల్ లాంటి నూనెలకి కార్బన్, నైట్రోజన్, ఫాస్ఫరస్ సుమారు 100:10:1 అని లెక్కేస్తారు, 1989లో ఎక్సాన్ వాల్డీజ్ అనే ఓడ నుంచి చమురు ఒలికినప్పుడు అలాస్కా తీరంలో ఎరువు చల్లింది కూడా ఇలా మేత అందించడానికే. కానీ ఒక జాగ్రత్త, అట్రజిన్ ఉన్న నేలకి యూరియా వేస్తే తేలిగ్గా దొరికే నైట్రోజన్ ఉంది కదా అని బాక్టీరియా అట్రజిన్‌ని ముట్టుకోవడం తగ్గించేస్తాయి. డీడీటీకి మళ్లీ వేరు, గాలి ఆడితే మొండి డీడీఈగా మారి కూర్చుంటుంది, గాలి లేకపోతే డీడీడీ వైపు వెళ్తుంది.

కల్చర్ నిజంగా గెలిచేది ఆ పని తెలిసిన జీవి అక్కడ లేనప్పుడు. భూగర్భజలంలో ట్రైక్లోరోఎథిలీన్ అనే ద్రావకం విరగడం వినైల్ క్లోరైడ్ దగ్గర ఆగిపోతే, ఇంకా ప్రమాదమది, దాన్ని కూడా విరగ్గొట్టే డీహాలోకోకోయిడ్స్ అనే బాక్టీరియా కలపాల్సిందే.

మొక్కలు నాటడం, ఊరికే వదిలెయ్యడం కూడా ఉన్నాయి, కాలుష్యం తక్కువా టైమ్ ఎక్కువా ఉంటే సరే. రాగి మాత్రం దేనితోనూ విరగదు, రూపం మార్చుకుంటుందంతే.

కొనేముందు అదే మట్టి మూడు డబ్బాల్లో తీసుకోండి, ఒకటి ఉత్తది, ఒకటి మేతతో, ఒకటి మేతా కల్చరూ రెండూ వేసి, కొన్ని వారాలాగి ల్యాబ్‌లో కొలిపించండి, రెండోదానికీ మూడోదానికీ తేడా రాకపోతే కల్చర్ అక్కర్లేదు.