మళ్లీ చదవడమా, పుస్తకం మూసి అప్పజెప్పుకోవడమా?

"మూడుసార్లు చదివాను, తీరా అడిగేసరికి ఒక్క ముక్క గుర్తు రాలేదు. ఇంకోసారి చదివి ఉండాల్సిందా?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. ఇంకోసారి కాదు, ఇంకో పదిసార్లు చదివినా పెద్దగా ఒరిగేది ఉండదు. దీనికి లెక్క కూడా ఉంది.

2006లో అమెరికాలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులకు ఒక చిన్న వ్యాసం ఇచ్చారు. ఒక జట్టు ఐదేసి నిమిషాల చొప్పున నాలుగు విడతలూ దాన్ని చదువుతూనే కూర్చుంది. ఇంకో జట్టు మొదటి విడతలో చదివి, మిగతా మూడింటిలో వ్యాసం చూడకుండా గుర్తున్నదంతా కాగితం మీద పెట్టింది. మొదటి జట్టు సగటున 14 సార్లు చదివినట్టు తేలింది, రెండోది మూడున్నర సార్లు కూడా చదవలేదు. కొందరికి ఐదు నిమిషాలకే పరీక్ష పెట్టారు. అందులో చదివినవాళ్లకు 83 శాతం, రాసినవాళ్లకు 71 శాతం గుర్తుంది. మిగతావాళ్లకు వారం ఆగి పెడితే కథ తిరగబడింది: చదివినవాళ్లకు 40, రాసినవాళ్లకు 61.

నా మటుకు నాకు ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. వారం తర్వాత మీకెంత గుర్తుంటుందని వాళ్లను ముందే అడిగారు. ఎక్కువ ధీమాగా చెప్పింది నాలుగు విడతలూ చదివినవాళ్లే!

ఈ రెండు పద్ధతుల మధ్య తేడా అంతా ఈ ధీమాలోనే ఉందని నేననుకుంటాను. రెండోసారి చదివేటప్పుడు ప్రతి వాక్యమూ పరిచయస్తుడిలా కనిపిస్తుంది. కళ్లు సాఫీగా జారిపోతుంటాయి, 'ఇది మనకొచ్చేసింది' అనుకుంటాం. నిజానికి వచ్చింది గుర్తుపట్టడం మాత్రమే. దారిలో ఎదురైన మనిషి ముఖం చూడగానే గుర్తుపడతాం, పేరు మాత్రం నాలుక చివర ఆడుతూ ఎంతకీ బయటికి రాదు. పరీక్షలో అయినా పనిలో అయినా మనకు కావాల్సింది ఆ పేరు. దాన్ని లోపలి నుంచి బయటికి లాగడం మళ్లీ చదివితే అలవాటు కాదు, లాగి చూస్తేనే అవుతుంది. వల్లె వేయడానికీ అప్పజెప్పడానికీ మన భాషలో వేరువేరు మాటలు ఊరికే లేవు. వల్లె వేస్తున్నంతసేపూ తప్పు బయటపడదు, అప్పజెప్పబోతే రెండో వాక్యంలోనే దొరికిపోతాం.

నేనూ దొరికిపోయాను. ఈమధ్య ఒక కొత్త భాష మొదలుపెట్టి, నెల రోజులు మాటల జాబితా ముందేసుకుని చదివాను. రోజూ అన్నీ వచ్చినట్టే ఉండేది. ఒకరోజు అర్థాలున్న వైపు అట్టముక్క అడ్డం పెట్టి చూసుకుంటే సగం కూడా రాలేదు. కాస్త టెన్షన్ పడ్డ మాట నిజమే. అప్పటి నుంచి అట్టముక్క తీయలేదు. ఈ పద్ధతిలో రోజూ ఏదీ రానట్టే ఉంటుంది, నెల తిరిగేసరికి చూస్తే మాటలు మిగిలే ఉంటాయి.

అలాగని చదవడాన్ని తీసిపారేయలేం. అర్థం కాని పాఠాన్ని అప్పజెప్పుకోబోతే చేతికొచ్చేది శూన్యం, అక్కడ రెండోసారి చదవాల్సిందే. పరీక్ష ఇంకో పది నిమిషాల్లో ఉంటే కూడా చదవడమే నయం, పై లెక్క చెప్పేదీ అదే. అప్పజెప్పుకోవడంలో ఒక ప్రమాదమూ ఉంది. గుర్తు తెచ్చుకున్న జ్ఞాపకం కాసేపు మళ్లీ మెత్తబడుతుందని 2000లో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. మనుషుల్లో అది ఎంతవరకు అన్న చర్చ అలా ఉంచితే, తప్పు చెప్పుకుని సరిచూసుకోకుండా లేస్తే ఆ తప్పే పాతుకుపోవచ్చు. మూసిన పుస్తకాన్ని చివర్లో తెరిచి తీరాలి.

ఇక ఒకే రోజు కూర్చుని కానివ్వాలా, రోజుల ఎడంతో చేయాలా? దీంట్లో నాకు సందేహమే లేదు, ఎడమే మేలు. జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల జాబితాలను తన మీదే ప్రయోగించుకుని, 1885లో మరపు లెక్కలు ప్రచురించాడు. మళ్లీ నేర్చుకునేటప్పుడు ఆదా అయ్యే శ్రమ 20 నిమిషాలకే 58 శాతానికి, ఒక రోజుకు 34 శాతానికి పడిపోయింది. 31 రోజులు గడిచినా 21 దగ్గర నిలబడింది. అంటే పోయేదాంట్లో చాలావరకు మొదట్లోనే పోతుంది. కొంచెం పోయాక లాగితేనే లాగడంలో బలం ఉంటుంది. ఎంత ఎడం? 2008 నాటి ఒక పెద్ద అధ్యయనంలో, వారం తర్వాత పరీక్ష ఉన్నవాళ్లకు ఒక రోజు ఎడం బాగా పనిచేసింది. దాదాపు ఏడాది తర్వాత ఉన్నవాళ్లకు మూడు వారాలు. పరీక్ష ముందు రాత్రంతా మేల్కోవడం గురించి అడిగేవాళ్లకు ఒక్క మాట: నేర్చుకున్నాక మెలకువగా గడిపిన గంటల్లో కంటే నిద్రపోయిన గంటల్లో మరపు తక్కువని 1924లోనే చూపించారు.

ఇక మిగతా చిట్కాల సంగతి. హైలైటర్ వల్ల పేజీ అందంగా ఉంటుంది, అంతే. పేర్లు, వరుసలు గుర్తుపెట్టుకోవడానికి కొండగుర్తులు బాగానే పనికొస్తాయి.

పైన చెప్పిందంతా విషయాల గురించి. చేతికి అలవాటయ్యే పనుల దారి వేరు. 1953లో మూర్ఛకు చేసిన ఆపరేషన్‌లో హెన్రీ మొలైసన్ అనే అమెరికన్‌కు మెదడులో కొత్త జ్ఞాపకాలను నిలబెట్టే హిప్పోక్యాంపస్ అనే భాగాన్ని చాలావరకు తీసేశారు. ఆ తర్వాత కొత్త సంగతులేవీ ఆయనకు నిలిచేవి కావు. బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం గీత దిద్దించింది. రోజురోజుకూ చెయ్యి కుదురుకుంది, తప్పులు తగ్గాయి. ఆయనకు మాత్రం ఆ పని ఎప్పుడూ చేసినట్టే గుర్తులేదు. కాబట్టి టైపింగో, వాద్యమో నేర్చుకునేవాళ్లు ఎడం సంగతి తీసుకోండి, గుర్తున్నది తెల్లకాగితం మీద రాసే సంగతి వదిలేయండి.