పొందూరు ఖాదీ పంచె: వాడిన తరువాత నా అభిప్రాయం

శ్రీకాకుళం జిల్లా పొందూరులో వందో నంబరు నూలుతో నేసిన ఒక పంచెను, ఒక చొక్కా గుడ్డను కొన్నాను. వేసవి అంతా వాడి, పలుమార్లు ఉతికించిన తరువాతే ఈ సమీక్ష రాస్తున్నాను కనుక, కొత్త బట్ట మీది మోజు ఇందులో తక్కువే.

ముందుగా బట్ట సంగతి. కట్టుకుంటే ఒంటి మీద బరువు తెలియదు, చెమటను త్వరగా పీల్చుకుని అంతే త్వరగా ఆరుతుంది, ఉతికే కొద్దీ మెత్తబడుతుంది. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే దారం ఒకచోట కాస్త లావుగా, పక్కనే సన్నగా కనిపిస్తుంది. చేత్తో వడికిన నూలుకు అదే గుర్తు; మిల్లు నూలు మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా ఉంటుంది. పట్నంలో ఒక దుకాణం వారు పొందూరు పేరు చెప్పి నాకు లోగడ అంటగట్టిన పంచెలో ఈ హెచ్చుతగ్గులు మచ్చుకైనా లేవు. అందువల్ల కొనేవారు ఖాదీ మార్క్ ముద్ర చూసుకోవడంతో పాటు, బట్టను ఒకసారి వెలుతురులో పట్టి చూడడం మంచిది.

నంబరు పెరిగే కొద్దీ దారం సన్నబడుతుంది. ఇంగ్లీషు కొలత ప్రకారం వందో నంబరు అంటే ఒక పౌను దూది నుంచి 840 గజాల చొప్పున వంద చిలపలు (నూలు చుట్టలు) తీయడం. లెక్క వేస్తే, అరకిలో కూడా లేని దూదిలోంచి సుమారు 77 కిలోమీటర్ల దారం వస్తుంది, అంటే శ్రీకాకుళంలో మొదలుపెడితే విజయనగరం దాటిపోతుంది. ఇంతటి సన్నదనం ఎలా సాధ్యమో తెలియాలంటే దుకాణంతో ఆగకుండా వడికే వారి ఇళ్ళ దాకా వెళ్ళాలి. కొండపత్తి గింజను వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడకున్న అతి చిన్న పళ్ళు నలుసులను పట్టి లాగి, పోగులను ఒక వరుసకు తెస్తాయి. తరువాత చెక్కపలక మీద ఇనుప కడ్డీని దొర్లించి గింజను విడదీస్తారు, దూదిని ఏకుతారు, ఏకులు చుడతారు, వాటిని ఎండిన అరటి దొప్పలో పెట్టుకుని రాట్నం ముందు కూర్చుంటారు. ఇన్ని దశల్లో విద్యుత్తు అవసరమైన పని ఒక్కటీ లేదు.

నాతో పాటు వచ్చిన మేనల్లుడు ఇంజినీరింగ్ పూర్తిచేసి, జీవిత లక్ష్యం ఎలా కనుగొనాలో చెప్పే ఉపన్యాసాలను ఫోనులో వింటూ కాలం గడుపుతున్నాడు. రాట్నం తిప్పుతున్న ఒక పెద్దావిడను అతడు కాస్త ఉపన్యాస ధోరణిలోనే అడిగాడు: "ఈ పనే ఎందుకు ఎంచుకున్నారు మామ్మా?" ఆవిడ చెయ్యి ఆపలేదు. "ఎంచుకోడమేటి బాబూ? మా అమ్మ వడికింది, నాను వడుకుతన్నాను. నూలు బాగా రాకపోతే ఆ రేత్రి నిద్దరట్టదు" అంది. అంతలో ఏకులో ఒక గింజ పొట్టు ముక్క కనిపించింది. నాకైతే అది కంటికి ఆనలేదు. ఆవిడ రాట్నం ఆపి, దాన్ని గోటితో తీసి పారేసి, తెగిన పోగును రెండు వేళ్ళ మధ్య నలిపి అతికించి మళ్ళీ తిప్పసాగింది. ఆ నలుసు అలాగే ఉండిపోయినా పంచె కొన్నవాడికి ఎన్నటికీ తెలిసేది కాదు. మేనల్లుడు అక్కడున్నంత సేపు ఫోను బయటికి తీయలేదు. ఇది మా ఇంట్లో చిన్న విషయం కాదు.

ఒకరి జీవితం మరొకరిని కదిలించడం అంటే ఏమిటో ఖాదీ చరిత్రే చెబుతుంది. పొందూరు నూలు సన్నదనం గురించి విన్న గాంధీజీ తన కుమారుడు దేవదాస్‌ను ఇక్కడికి పంపించారని ఈ ప్రాంతంలో ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. ఖద్దరు కొనే స్తోమత తమకు లేదని పేదలు తన ఎదుటే అన్నప్పుడు, ఆయన వారికి నచ్చజెప్పే మాటల కోసం వెతకలేదు. 1921 సెప్టెంబరులో మధురైలో చొక్కా, టోపీ వదిలేసి కొల్లాయి కట్టారు. తెలుగునాట అక్కినేని నాగేశ్వరరావు గారి పంచెకట్టు పొందూరుకు తెచ్చిన పేరు కూడా అటువంటిదే. ఇష్టపడి కట్టారు, చూసినవారు ఎక్కడ దొరుకుతుందని అడిగారు.

అయితే ఆ పెద్దావిడను ఆదర్శంగా కొనియాడి చేతులు దులుపుకుని వచ్చేయడం నాకు సమంజసంగా తోచలేదు. మనవరాలికి ఈ పని నేర్పారా అని నేను అడిగితే, "దానికెందుకండి? ఉపాది పనికెల్తే ఇంతకన్నా వస్తాది" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. ఎక్కడి నుంచో వచ్చిన మా మేనల్లుణ్ణి కదిలించగలిగిన నిష్ఠ సొంత ఇంట్లో పిల్లను కదిలించలేకపోతున్నదంటే, లోపం ఆ నిష్ఠలో లేదు, దానికి మనం కడుతున్న వెలలో ఉంది. ఈ పంచె ధర మిల్లు పంచెకు ఎన్నో రెట్లు. నేతలోనే పూలు, బొమ్మలు దిద్దే జాందానీ అంచు కావాలంటే ఇంకా పెట్టాలి. అయినా ఇది ఎక్కువని నేననను. బేరం ఆడదలచిన వారు ఒకసారి రాట్నం ముందు కూర్చుని, ఆ తరువాత ఆడవచ్చు.

ఇక దుకాణం. అమ్మే వ్యక్తి తొందరపెట్టకుండా మడతలన్నీ విప్పి చూపించాడు, ఏది ఎన్నో నంబరు నూలో అడగకముందే చెప్పాడు. రెడీమేడ్ చొక్కాలు మాత్రం తక్కువ, కొలతలు అన్నీ దొరకవు. ఖాదీ దుకాణాల్లో సాధారణంగా గాంధీ జయంతి నుంచి రిబేటు ఇస్తారు కనుక ధర గురించి ఆలోచించేవారు అక్టోబరు దాకా ఆగవచ్చు. పొందూరుకు రైల్వే స్టేషను ఉంది. శ్రీకాకుళం నుంచి బస్సులోనూ వెళ్ళవచ్చు.

నిర్వహణ కొంత శ్రమే. వాషింగ్ మెషీన్‌లో వేయకూడదు, గంజి పెట్టకపోతే నిలబడదు, కూర్చుని లేస్తే ముడతలు పడుతుంది, చొక్కా లోపల బనియన్ తప్పనిసరి. ఇస్త్రీ మడత చెడకుండా రోజంతా ఉండాలనుకునే వారికి ఇది నప్పదు. మేనల్లుడు కూడా తన డబ్బుతో ఒక చొక్కా గుడ్డ తీసుకున్నాడు. దాన్ని రాత్రంతా నీళ్ళలో నానబెట్టి ఆరేసి తెస్తే తప్ప కత్తెర పెట్టనని శ్రీకాకుళంలో మా టైలరు తిప్పి పంపేశాడు; కొనేవారు ఆ పని ముందే చేసుకుని వెళితే ఒక తిరుగుడు తప్పుతుంది.