లైసోస్టాఫిన్ పొడి, 5 మిల్లీగ్రాముల వయల్: స్టాఫ్ ఆరియస్ డీఎన్ఏ తీసేవాళ్లకు

స్టాఫైలోకాకస్ ఆరియస్ బ్యాక్టీరియా నుంచి డీఎన్ఏ తీయాలంటే ముందు దాని కణగోడ తెగాలి. బ్యాక్టీరియా గోడలను కోసే ఎంజైమ్ లైసోజైమ్‌ను దీని మీద ఎంత పోసినా పెద్దగా ఫలితం ఉండదు. గోడలోని చక్కెర గొలుసుల్లో ఉండే మురామిక్ ఆమ్లానికి ఎసిటైల్ అనే రసాయన గుంపును తగిలించుకుని ఉండటంతో లైసోజైమ్‌కు పట్టు దొరకదు. లైసోస్టాఫిన్ అనే ఎంజైమ్ ఆ చక్కెర గొలుసుల జోలికి పోదు, వాటిని అడ్డంగా కలిపే ఐదు గ్లైసిన్ల (ఒక అమైనో ఆమ్లం) వంతెనను తెంపుతుంది. దాయాది బ్యాక్టీరియా స్టాఫైలోకాకస్ సిమ్యులాన్స్ తయారుచేసే ఆయుధం ఇది. 1964లో వెలుగులోకి వచ్చింది.

వయల్లో 20 మిల్లీమోలార్ సోడియం ఎసిటేట్, పీహెచ్ 4.5, అర మిల్లీలీటరు పోస్తే మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల స్టాక్ (గాఢ ద్రావణం) వస్తుంది. 20 మైక్రోలీటర్ల చొప్పున పంచి మైనస్ 20లో పెట్టండి. ఒకసారి కరిగించిన ట్యూబును మళ్లీ గడ్డకట్టించొద్దు, బలం తగ్గిపోతుంది.

రాత్రంతా పెరిగిన కల్చర్ 1.5 మిల్లీలీటర్లు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున దిగిన ముద్దను 200 మైక్రోలీటర్ల టీఈ బఫర్‌లో (డీఎన్ఏను కాపాడే ట్రిస్-ఈడీటీఏ ద్రావణం) ఉండలు లేకుండా కలపాలి. స్టాక్ 2 మైక్రోలీటర్లు చాలు. 37 డిగ్రీల దగ్గర అరగంట. పాలలా ఉన్న ద్రవం తేటపడుతుంది. కణపొరలను కరిగించే డిటర్జెంట్ ఎస్‌డీఎస్ పడగానే తెల్లసొనలా తీగ సాగుతుంది. అప్పుడిక వోర్టెక్స్ యంత్రంలో గట్టిగా కుదిపితే పొడవాటి డీఎన్ఏ ముక్కలైపోతుంది, మెల్లగా తిరగేయండి. ప్రోటీన్లను కోసే ఎంజైమ్ ప్రోటినేజ్ కె కూడా ఆ తర్వాతే. ముందే వేస్తే అది లైసోస్టాఫిన్‌నే తినేస్తుంది.

తేటపడలేదంటే ముందు ఉండలు మిగిలాయేమో చూడండి, తర్వాత స్టాక్‌ను అనుమానించండి. రెండూ బాగుంటే ఆ బ్యాక్టీరియా నిజంగా ఆరియస్ జాతేనా అని మళ్లీ పరీక్షించాలి. స్టాఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ వంతెనల్లో గ్లైసిన్‌తో పాటు సెరీన్ అనే మరో అమైనో ఆమ్లం కూడా ఉంటుంది కాబట్టి మోతాదు, సమయం పెంచాలి. ఎంటరోకాకస్ బ్యాక్టీరియాకు ఇది పనికిరాదు, మ్యుటనోలైసిన్ అనే మరో గోడ కోసే ఎంజైమ్ కొనుక్కోవాలి.

పై లెక్కన ఒక వయల్ 250 నమూనాలకు వస్తుంది, ఆరియస్ రోజూ చేసే ల్యాబ్‌కు పెట్టిన డబ్బుకు పూర్తి న్యాయం. కొనేటప్పుడు మిల్లీగ్రాములు కాదు, మిల్లీగ్రాముకు ఎన్ని యూనిట్లో (ఎంజైమ్ పనితనం కొలత) చూడండి. చవక వయల్లో యూనిట్లు తక్కువుంటే రెట్టింపు పోయాల్సి వస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఈ.కోలై బ్యాక్టీరియాలో జన్యువు పెట్టి తయారుచేసిన రికాంబినెంట్ రకంలో ఈ.కోలై డీఎన్ఏ కొద్దిగా మిగిలి ఉండొచ్చు. అన్ని బ్యాక్టీరియాల్లో ఉండే 16ఎస్ జన్యువును పెంచే పీసీఆర్ చేసేవాళ్లు, ఆ మిగులును పట్టుకోడానికి, కణాలు లేకుండా ఎంజైమ్ మాత్రమే వేసిన ట్యూబును ప్రతి బ్యాచ్‌తో నడపాలి.