బీఎస్సీకి నాలుగు స్టార్లు, అప్పుతో చదివించిన ఎమ్మెస్సీకి రెండు

కుక్కర్ కొన్నా రివ్యూ రాస్తారు. ఏడు లక్షలు పెట్టి కొన్న చదువుకు మాత్రం ఎవరూ రాయరు. తిరుపతిలో యూనివర్సిటీకి దగ్గర్లో నాకు జిరాక్స్, బైండింగ్ అంగడి ఉంది. మా పెద్దపాప బీఎస్సీ బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) చేసి, ఆ తర్వాత ఒక ప్రైవేటు కాలేజీలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చేసింది. లోను కాగితాల మీద పాప సంతకం పక్కన నాదీ ఉంది. అందుకని సరుకు ఎట్లుందో నేనే చెప్తాను.

బీఎస్సీ గురించి ఫిర్యాదు లేదు. దేవస్థానం వాళ్ళ మహిళా కాలేజీ, ఫీజు రీయింబర్స్‌మెంట్, ఇంటి నుంచే పోయి రావడం. మాకు పడిన ఖర్చల్లా రికార్డు పుస్తకాలు, చార్జీలు, అంతే. వానపాము శరీర నిర్మాణం మొదలుకొని మొక్కల కుటుంబాల దాకా గట్టిగానే నేర్పించినారు. ఒక స్టారు ఎందుకు తగ్గించినానంటే, ఈ డిగ్రీతో ఏ ఉద్యోగాలుంటాయో మూడేళ్ళలో ఒక్కరూ చెప్పలేదు. 2023-24లో బీజెడ్‌సీ లాంటి పాత గ్రూపులు పోయి ఒకే మేజర్ పద్ధతి, అంటే ఒకే ముఖ్య సబ్జెక్టు పద్ధతి వచ్చింది. మీరు చేరేటప్పుడు ఏ పద్ధతి ఉందో, మేజర్ ఏదో ముందే చూసుకోండి.

ఎమ్మెస్సీకి వద్దాం. 2021లో పీజీ ప్రవేశ పరీక్ష పీజీసెట్ రాస్తే యూనివర్సిటీ క్యాంపస్‌లో బయోటెక్నాలజీకి చాలే ర్యాంకు రాలేదు. ప్రైవేటు కాలేజీకి పోవాలంటే ఫీజంతా చేతి నుంచే, ఎందుకంటే 2020 డిసెంబరులో 77వ నంబరు జీవో వచ్చి ప్రైవేటు పీజీలకు రీయింబర్స్‌మెంట్ ఆగిపోయింది. కాలేజీ వాళ్ళు ల్యాబ్ చూపించినారు. అద్దాల గది, అందులో డీఎన్‌ఏకు నకళ్ళు తీసే పీసీఆర్ మిషన్, పక్కన శుభ్రమైన గాలిలో పని చేసుకునే లామినార్ ఫ్లో. బాగానే అనిపించింది. చేరినాక తెలిసిందేమంటే ఆ పీసీఆర్ మిషన్ మీద నీలం గుడ్డ కవరు ఎప్పుడూ ఉంటుంది, కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ టీము వచ్చినప్పుడు తీస్తారు. జెల్ మీద డీఎన్‌ఏ నడిపేది మేడమ్, చుట్టూ నిలబడి చూసి బొమ్మ గీసుకునేది పిల్లలు. సూక్ష్మజీవుల్ని పెంచే మీడియా కలిపి, ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్‌లో పెట్టడం, ప్లేట్లు పోయడం మాత్రం పాప తన చేతుల్తో చేసింది. ఆ ఒక్కటీ బాగా వచ్చని ఇప్పటికీ చెప్తుంది.

బ్రోచర్లో లేని ఖర్చు ఇంకొకటి, ప్రాజెక్టు. చివరి సెమిస్టర్లో హైదరాబాదో బెంగుళూరో పోయి బయట ల్యాబ్‌కు డబ్బు కట్టి చేసుకోవాలి, అక్కడ ఉండే ఖర్చు అదనం. ఆ రిపోర్టులు మా అంగట్లోనే బైండింగ్‌కు వస్తాయి. నల్ల అట్ట మీద బంగారు అక్షరాలు కొట్టేది నేనే. పేజీలు సరిచూసేటప్పుడు తెలిసిపోతుంది, పేరు, గైడు మారి లోపల గ్రాఫులు మారని పుస్తకాలు ఎన్ని వస్తాయో!

ఇక లోను. 4 లక్షల లోపు కాబట్టి తాకట్టు అడగలేదు, మన వాటాగా పెట్టే మార్జిన్ డబ్బూ అడగలేదు. బ్యాంకు వాళ్ళు మర్యాదగానే మాట్లాడినారు. కోర్సు రెండేళ్ళు, ఆపైన ఒక ఏడాది కంతు కట్టక్కర్లేదన్నారు. దాన్నే మారటోరియం అంటారు. ఆ కాలంలో వడ్డీ కూడా ఉండదనుకుంటారు చాలామంది. మా అంగడికి ఫారాలు నింపించుకోవడానికి వచ్చే తల్లిదండ్రులు కూడా అదే అంటారు. వడ్డీ ఉంటుంది, పడతానే ఉంటుంది. వడ్డీ 10 శాతం అనుకుని లెక్క వేయండి. మొదటి ఏడు ఇచ్చిన 2 లక్షల మీద మూడేళ్ళకు 60,000, రెండో ఏడు ఇచ్చిన 2 లక్షల మీద రెండేళ్ళకు 40,000. కంతు మొదలయ్యే రోజుకు బాకీ 5 లక్షలు. ఏడేళ్ళలో తీర్చాలంటే నెలకు 8,300. మొత్తం కలిపితే 7 లక్షలకు మూడు వేలు తక్కువ. ఆ మూడేళ్ళూ పడిన వడ్డీ పడినట్టు కట్టుకుంటూ వచ్చి ఉంటే కంతు 6,640 అయ్యేది. అట్లా కట్టేవాళ్ళకు ఒక శాతం తగ్గించే బ్యాంకులూ ఉన్నాయి. సంతకానికి ముందే అడిగి, కాగితం మీద రాయించుకోండి.

ఉద్యోగం చెన్నైలో, మెడికల్ కోడింగ్. అమెరికా ఆసుపత్రుల బిల్లులకు జబ్బు కోడు ఒకటి, చేసిన వైద్యం కోడు ఒకటి వేసే పని. ఇంటర్వ్యూలో అడిగింది అనాటమీ, ఫిజియాలజీ. క్లోనింగ్ గురించి ఒక్క ప్రశ్న లేదు. చేతికి 16,000. హాస్టల్‌కూ తిండికీ 7,000 తీసేసి, కంతు 8,300 పోతే 700 మిగులుతుంది. అందులోంచే శనివారం సప్తగిరి రైలు ఎక్కి ఇంటికి రావాలి. ఇంతకంటే మండిపోయే సంగతి వేరే ఉంది. పాపతోపాటు అదే బ్యాచ్‌లో, అదే జీతానికి చేరిన పిల్లల్లో సగం మంది ఉత్త బీఎస్సీ వాళ్ళు. వాళ్ళకు రెండేళ్ళు ముందే అనుభవం మొదలుపెట్టే వీలుండింది, నెత్తిన కంతూ లేదు. కోడింగ్ వాళ్ళకు ఉండే సీపీసీ పరీక్ష పాసైతే జీతం పెరుగుతుందంట, దానికి కూడా ఎమ్మెస్సీ అడగరు.

బడి పంతులు ఉద్యోగానికీ అంతే. బయాలజీ స్కూల్ అసిస్టెంట్‌కు బీఎస్సీ మీద బీఈడీ, టెట్ ఉంటే చాలు, మూలవేతనమే 44,570 నుంచి మొదలు. 2025 మెగా డీఎస్సీలో అన్నీ కలిపి 16,347 పోస్టులు. పోటీ ఎట్లుంటుందో మీకు తెలిసిందే, అయినా చదువుకు పెట్టిన రూపాయి ఈ ఊర్లోనే తిరిగొచ్చే దారి అది.

మరి ఎమ్మెస్సీ ఎవరికి పనికొస్తుంది? జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్ళకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్, కొట్టగలిగే పిల్లలకు. దానికి రాసే నెట్ పరీక్ష పాసై జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000, రెండేళ్ళయ్యాక 42,000, ఇంటద్దె వేరే. ఏర్పేడు దగ్గర కేంద్రం వాళ్ళ సైన్సు విద్యాసంస్థ ఐసర్ ఉంది, యూనివర్సిటీ ఉంది, చదువుతూనే అప్పు తీర్చుకోవచ్చు. కానీ నెట్ లైఫ్ సైన్సెస్ పేపర్లో 200 మార్కులకు 100 పార్ట్ సిలోనే. ప్రయోగం ఫలితం ఇచ్చి ఎందుకట్లా వచ్చిందో చెప్పమంటారు. గుడ్డ కప్పిన మిషన్ ముందు నిలబడిన పిల్లలు దానికేం రాస్తారు? కాలేజీ చూడటానికి పోయినప్పుడు అద్దాల గది చూడొద్దు. సీనియర్ల రికార్డు తెప్పించుకుని, ఇందులో నీ చేత్తో చేసినవి ఏవని ఒక్కొక్క పేజీ తిప్పి అడగండి. పోయిన బ్యాచ్‌లో జేఆర్‌ఎఫ్ ఎంతమందికి వచ్చిందో పేర్లతో సహా అడగండి. "చాలామందికి" అంటే రానట్టే.

పాప డ్యూటీ అయినాక పార్ట్ సి చదువుతా ఉంది. కోచింగ్‌లో చేరతావా అంటే, లోను తీయాల్సి వస్తే వద్దు నాయనా అనింది. తీద్దామన్నా నేనింక సంతకం పెట్టను. మోడల్ పేపర్లు మాత్రం ఎన్ని కావాలంటే అన్ని మన అంగట్లోనే జిరాక్స్ తీసి పంపిస్తా.