రోమన్ ఫోరంలో మూడు గంటల చరిత్ర నడక: ఒక సమీక్ష

రోమన్ గణతంత్ర పతనాన్ని ఆ శిథిలాల మధ్యనే వివరించే ఒక నడక పర్యటనకు గత వసంతంలో నేనూ నా భార్యా వెళ్ళాము. మనిషికి 40 యూరోలు తీసుకున్న ఆ చిన్న సంస్థ పెట్టిన ఖర్చుకు తగిన విలువనే ఇచ్చింది.

సీజర్ హత్యతో కథ మొదలుపెట్టకపోవడమే ఈ పర్యటనలోని గొప్పతనం. మా గైడ్ క్రీ.పూ. 88తో ఆరంభించారు. తూర్పున పాంటస్ రాజ్యాన్ని ఏలిన మిత్రిడేటిస్ మీద యుద్ధానికి వెళ్ళవలసిన కాన్సుల్ (ఏడాదికి ఎన్నికయ్యే అత్యున్నత అధికారి) సుల్లాను తప్పించి, సల్పీషియస్ అనే ట్రిబ్యూన్ (సామాన్య ప్రజల ప్రతినిధి) ఆ సేనానాయకత్వాన్ని వృద్ధ సేనాని మేరియస్‌కు కట్టబెట్టాడు. సుల్లా ఈ సంగతి చెప్పగానే, మేరియస్ వేరే దండును తీసుకుపోతే తూర్పు దేశాల కొల్లసొమ్ము తమకు దక్కదని సైనికులు భయపడ్డారు. ఒక్క క్వెస్టర్ (ఖజానా అధికారి) తప్ప పై అధికారులందరూ విడిచిపోయినా, సామాన్య సైనికులు మాత్రం సుల్లా వెంట సొంత రాజధాని మీదికే నడిచారు. ఒక నాయకుడి పగకూ వేలమంది పేదల ఆశకూ ముడిపడిన ఆ క్షణాన్ని గైడ్ తొందరపడకుండా, కళ్ళకు కట్టినట్లు చెప్పారు.

శాటర్న్ (రోమన్ల శని) దేవాలయం దగ్గర నిలిచిన ఎనిమిది స్తంభాల ముందు మరో అరగంట గడిచింది. ప్రభుత్వ ఖజానా ఉండినది ఈ ఆలయంలోనే. క్రీ.పూ. 49లో సైన్యంతో దాటకూడని సరిహద్దు నది రూబికాన్ దాటి వచ్చిన సీజర్ ఆ ధనం కోసం వస్తే, మెటెల్లస్ అనే ట్రిబ్యూన్ అడ్డు నిలిచాడు. చంపుతానని బెదిరించి, కమ్మరులను పిలిపించి, సీజర్ తలుపులు తెరిపించాడు. ఇప్పుడు కనిపించే స్తంభాలు చాలా తరువాతి పునర్నిర్మాణానివని గైడ్ దాచకుండా చెప్పడం నాకు ఎంతో నచ్చింది.

లోపాలూ ఉన్నాయి. క్రీ.పూ. 107లో ఆస్తిలేనివారిని సైన్యంలో చేర్చుకున్న మేరియస్ ఒక్కడే అనర్థమంతటికీ మూలమన్నట్లు చెప్పడం సరికాదు. సైనికుడికి ఉండవలసిన ఆస్తి పరిమితి అంతకు ముందే తగ్గుతూ వచ్చింది. పైగా పదవీ విరమణ చేసిన సైనికులకు భూమి ఇచ్చే స్థిరమైన ఏర్పాటును సెనేట్ చేయకపోవడం వల్లనే వారు తమ సేనాని మొహం చూడవలసి వచ్చింది. భూపంపిణీకి పూనుకున్నందుకు క్రీ.పూ. 133లో ప్రాణాలు కోల్పోయిన టైబీరియస్ గ్రాకస్‌ను రెండు వాక్యాలతో దాటవేయడం నన్ను నిజంగా బాధించింది.

సెనేట్ భవనమైన క్యూరియాలో నేల మీది పాలరాళ్ళ గురించే ఎక్కువ విన్నాము. క్రీ.పూ. 43లో సీజర్ వారసుడైన పందొమ్మిదేళ్ళ ఆక్టేవియన్‌కు కాన్సుల్ పదవి అడగడానికి సైన్యం పంపిన శతాధిపతి, సెనేటర్లు తటపటాయిస్తుంటే అంగీ పక్కకు తోసి కత్తి పిడి చూపి, "మీరు చేయకపోతే ఇది చేస్తుంది" అన్నాడని రోమన్ చరిత్రకారుడు స్యుటోనియస్ రాశాడు. గైడ్ వదిలేసిన ఆ ఘట్టం చెప్పడానికి అంతకంటె తగిన చోటు ఏముంది?

చివరి మజిలీ రోములోనే ఉన్న లార్గో అర్జెంటీనా అనే కూడలి. సీజర్ నేలకొరిగిన సేనాని పాంపే కట్టించిన సభామందిరపు పునాది రాళ్ళను అక్కడ చూడవచ్చు. ఎండ ముదిరేలోగా ముగియాలంటే ఉదయపు బృందంలోనే పేరు నమోదు చేసుకోండి. క్యూరియాలో ఆ శతాధిపతి గురించి మీరే అడగండి.