పురిటింటికే వచ్చే పరీక్ష: కోనసీమ లంకలో ఆశా సందర్శనలపై సమీక్ష

మా అమ్మాయి పురుటికి పుట్టింటికి రావడంతో, పి.గన్నవరం దగ్గర గోదావరి పాయల మధ్య ఉన్న మా లంక గ్రామంలో ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి పసిబిడ్డను పరీక్షించే ప్రభుత్వ సేవను మొదటి నుంచి చివరిదాకా దగ్గరుండి చూశాను. 2011లో మొదలైన ఈ కార్యక్రమం ప్రకారం ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో చూడాలి. ఇంట్లోనే కాన్పయితే మొదటి రోజున కూడా రావాలి. రుసుము ఏమీ లేదు. దీనికి దారి చూపింది మహారాష్ట్రలోని గడ్చిరోలి. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పల్లెటూరి స్త్రీలకు శిక్షణ ఇచ్చి, ఇంటి వద్దనే బిడ్డలను పరీక్షింపజేసి, సెప్సిస్‌కు, అంటే ఒళ్ళంతా పాకే ప్రాణాంతక ఇన్ఫెక్షన్‌కు, మందు కూడా ఇప్పించినప్పుడు నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో వెలువడిన వారి అధ్యయనం చెప్పింది.

ఈ సేవలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఊపిరి లెక్క. బిడ్డ నిద్రలోనో నెమ్మదిగానో ఉన్నప్పుడు పొట్ట మీది గుడ్డ తొలగించి, గడియారం చూస్తూ నిండు నిమిషంపాటు లెక్కపెడతారు. పసిబిడ్డలు కాసేపు గబగబా, కాసేపు ఆగి ఆగి ఊపిరి తీస్తారు కనుక పావు నిమిషం లెక్కించి నాలుగుతో హెచ్చవేస్తే సరైన సంఖ్య రాదు. నిమిషానికి 60 గాని అంతకు మించి గాని వస్తే మరోసారి లెక్కిస్తారు. రెండోసారీ అంతే వచ్చినా, డొక్కలు బాగా ఎగరేస్తున్నా వెంటనే ఆసుపత్రికి పంపవలసిందే. చంకలో థర్మామీటరు పెట్టినప్పుడు 37.5 డిగ్రీల సెల్సియస్ దాటిందా అనే కాదు, 35.5 కంటే తగ్గిందా అని కూడా చూస్తారు. ఇది చాలామంది పెద్దలకు తెలియని విషయం: నెల లోపు బిడ్డకు ఇలా ఒళ్ళంతా పాకే తీవ్రమైన ఇన్ఫెక్షన్ సోకినా జ్వరం రాకపోవచ్చు, ఒళ్ళు చల్లబడవచ్చు, బిడ్డ పాలు మానేసి ఊరకే పడుకోవచ్చు. “ఆయ్, ఏడిచే బిడ్డ కంటే ఏడవని బిడ్డను చూస్తేనే నాకు భయం పిన్నిగారూ” అని ఆ ఆశా కార్యకర్త నాతో అన్నది.

ఏడో రోజు సందర్శనలో ఆమె చేసిన మొదటి పని బిడ్డను పురిటిగదిలోంచి వీధి అరుగు మీదికి తెప్పించడం. తలుపులు మూసి సాంబ్రాణి వేసే గదిలో కామెర్ల పసుపు రంగు కంటికి ఆనదు. వెలుతురులో వేలితో చర్మాన్ని అదిమి, ముఖం నుంచి ఛాతీ, కాళ్ళు, చివరకు అరికాళ్ళ వరకు చూసి, అరికాళ్ళు పచ్చగా ఉన్నందున ఆలస్యం చేయకూడదన్నారు. రెండో మూడో రోజున ముఖాన కనిపించే కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. పుట్టిన 24 గంటల్లోపే వచ్చినవి, అరచేతులకూ అరికాళ్ళకూ పాకినవి మాత్రం ప్రమాదం, ఎందుకంటే కామెర్లకు కారణమైన బిలిరుబిన్ అనే పసుపు పదార్థం రక్తంలో మితిమీరితే మెదడు దెబ్బతింటుంది. ఇరుగుపొరుగు వారు పసరు పోయిద్దామన్నారు. ఆమె మర్యాదగానే, కానీ గట్టిగా కాదని చెప్పి, ఏఎన్ఎం (ఊరి ఆరోగ్య ఉపకేంద్రం నర్సు) గారికి ఫోను చేసి మమ్మల్ని పట్టణంలోని ఆసుపత్రికి పంపించారు. అక్కడ రక్తపరీక్ష చేసి బిడ్డను కామెర్లు తగ్గించే నీలి దీపాల కింద ఉంచారు. ఇప్పుడు కులాసాగా ఉంది.

అయితే ఈ సేవను వ్యాధి నిర్ధారణగా భావించకూడదు. ఆశా చేతి సంచిలో బిలిరుబిన్‌ను గాని, రక్తంలోని ఆక్సిజన్‌ను గాని కొలిచే పరికరం లేదు. పుట్టుకతో వచ్చే గుండె జబ్బులు కొన్ని ఆమె కంటికి దొరకవు. ప్రమాద సూచనను ముందుగా పట్టి డాక్టరు వద్దకు చేర్చడం వరకే ఆమె పని, ఆ మేరకు దీనికి పూర్తి మార్కులు ఇస్తాను. ఇన్ని సందర్శనలకు జాతీయ కార్యక్రమం నిర్ణయించిన ప్రోత్సాహకం 250 రూపాయలు మాత్రమేనని తెలిసినప్పుడు నా మనసుకు కష్టంగా తోచింది.

గోదావరి వరదలు వచ్చే జూలై, ఆగస్టు నెలల్లో లంకల్లో పురుడు ఉన్నవారు పడవ, 108 సంగతి ముందే ఆమెతో మాట్లాడుకోవాలి. పుట్టింటికి వచ్చిన గర్భిణుల పేర్లు అత్తవారి ఊరి ఆశా జాబితాలో ఉండిపోవచ్చు కనుక, కాన్పుకు ముందే తల్లీబిడ్డల రక్షణ కార్డు తీసుకుని పుట్టింటి ఊరి ఆశా కార్యకర్తకు కబురు చేయండి. అలా చేయకపోతే మూడో రోజు సందర్శన తప్పిపోయే ప్రమాదం ఉంది.