నాలుగు వానాకాలాలు చూసిన రంగు

మా మారుతి 800కు రెండుసార్లు ఒళ్లంతా రంగు వేయించాను. 2019లో వేసిన రంగు రెండు వానాకాలాలు కూడా సరిగ్గా నిలవలేదు. 2022 ఫిబ్రవరిలో వేసినది నాలుగు దాటింది.

బండి 2004 నాటిది. ఇల్లు విశాఖలో, సముద్రం దగ్గరి లాసన్స్ బే కాలనీలో. సముద్రపు గాలికి కిటికీ ఊచలే పెచ్చులు కడుతుంటే పలచటి కారు రేకు ఏపాటి? పదిహేనేళ్లు నిండి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు వెళ్లాల్సిన ఏడాది, బండి కాస్త శుభ్రంగా కనిపించాలని ఇంటికి దగ్గర్లోని ఒక షెడ్డులో ఇచ్చాను. అయిదు రోజులు, 18 వేలు. అద్దంలా మెరిసింది. మరుసటి ఏడాదికల్లా తలుపుల అడుగున బుడగలు లేచాయి. ఒకదాన్ని గోటితో నొక్కితే అరచేయంత పెచ్చు ఊడి చేతికొచ్చింది. రంగు వెనక వేలెడు మందాన పుట్టీ, దాని వెనక తుప్పు. గీకకుండానే దాని మీద మెత్తేశారన్నమాట. పుట్టీ నీళ్లు పీలుస్తుంది, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఇక రంగు ఎక్కడ నిలుస్తుంది?

రెండోసారి గాజువాక ఆటోనగర్‌కు తీసుకెళ్లాను. అక్కడి మేస్త్రి రేటు చెప్పలేదు. నేల మీద గోనెపట్టా పరుచుకుని బండి కిందికి దూరి, తలుపు కింద ఉండే రన్నింగ్ బోర్డులో స్క్రూడ్రైవర్ గుచ్చారు. చప్పుడు లేకుండా పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే తేయాకు పొడిలా పిడికెడు తుప్పు రాలింది. ‘‘రంగు సంగతి తర్వాత చూద్దాం సార్. ముందు కింద రేకు ఉందో లేదో తేల్చుకోవాలి’’ అన్నారు.

సీట్లు, మ్యాట్లు తీశాక అసలు దొంగ దొరికాడు. ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం ఊడిపోయి, ఆ నీళ్లన్నీ కాళ్ల దగ్గరి స్పాంజిలోకి దిగుతున్నాయి. ఏళ్ల తరబడి ముక్కిన వాసన వస్తుంటే పాత బండి కదా అని సరిపెట్టుకున్నాం. దానికి తోడు తలుపుల అడుగున నీళ్లు కారిపోవడానికి కంపెనీ పెట్టిన రంధ్రాలను మొదటి షెడ్డువాళ్లు పుట్టీతో పూడ్చేశారు. అద్దం సందులోంచి తలుపులోకి దిగిన వాన నీరు అక్కడే నిలిచిపోయేది.

ఈయన తుప్పు మీద రేకు అతికించలేదు. మెరిసే ఇనుము తగిలేదాకా కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేశారు. దాని మీద ముందు ఇనుముకు తడి తగలనివ్వని ఎపాక్సీ ప్రైమర్ పూత, ఆ తర్వాతే పలచగా పుట్టీ. రన్నింగ్ బోర్డులు లోపల డొల్ల కాబట్టి సన్నటి గొట్టంతో లోపలికి మైనం కలిపిన నూనె కొట్టారు. గాలిలో తేమ తగ్గాలని సంక్రాంతి వెళ్లేదాకా ఆగమన్నదీ ఆయనే. పాత తెలుపే వేయించాను, రంగు మారిస్తే ఆర్‌సీలోనూ మార్పించాలి. మొత్తం 18 రోజులు, 52 వేలు. అందులో రంగు వాటా సగం కూడా లేదు. ఈ బండి అమ్మితే ఆ డబ్బు కూడా రాదని మా తమ్ముడు లెక్క చెప్పాడు. లెక్క సరైనదే.

ఇప్పుడు చూస్తే రన్నింగ్ బోర్డులు, కాళ్ల దగ్గరి రేకు గట్టిగా ఉన్నాయి. వాన వెలిసిన ప్రతిసారీ మ్యాటు ఎత్తి చూసుకోవడం అలవాటైపోయింది, పొడిగానే ఉంటోంది. తెలుపు పైకప్పు మీద కాస్త వెలిసింది గానీ పాలిష్‌తో తేరుకుంటుంది. లోపాలూ ఉన్నాయి. ముందు అద్దాన్ని తీయకుండా దాని అంచు రబ్బరు బీడింగ్ చుట్టూ కాగితం అంటించి రంగు కొట్టారు, ఆ అంచున రంగు లేస్తోంది. అద్దం తీయించండని నేను పట్టుబట్టాల్సింది. బండి అడుగున వేసిన నల్లటి పూత ఒకచోట ఊడి వేలాడింది. దాని చాటున తడి చేరితే పూత లేనిదానికన్నా ప్రమాదం కాబట్టి గీకించి మళ్లీ వేయించాను.

ఈ నాలుగేళ్లలో నేను మానేసింది ఒక్కటే, బండి మీద కవరు కప్పడం. అది తడిని లోపలే పట్టి ఉంచుతుంది, ఈదురుగాలికి రెపరెపలాడుతూ ఉప్పునూ ఇసుకనూ రంగు మీద రుద్దుతుంది. దాని బదులు సముద్రం వెంబడి సాగే భీమిలి రోడ్డు మీద తిరిగొచ్చిన రోజున చక్రాల గూళ్లలోకి, అడుగుకూ మంచినీళ్ల పైపు పెడుతున్నాను.

పోయిన వారం వెనక ఎడమ చక్రం పైన, రెండు రేకులు కలిసే మడతలో కందిబద్దంత బుడగ కనిపించింది. మడత లోపలికి ఏ బ్రష్షూ వెళ్లదు, అక్కడ మళ్లీ వస్తుందని మేస్త్రి అప్పుడే చెప్పారు. ఫోటో పంపితే ‘‘గోటితో గిల్లకండి సార్, తీసుకురండి’’ అన్నారు. అప్పటికే గిల్లేశాను.